ఆడినన్నాళ్లూ నెల జీతం

సంక్రాంతికి కోనసీమ ఊళ్లలో కబడ్డీ, వాలీబాల్ పోటీలు పెడతారు. రాజోలు వైపు జట్టుకు కొత్తపేట నుంచో, కొత్తపేట జట్టుకు అమలాపురం నుంచో మంచి ఆటగాణ్ని పిలిపించుకుంటారు. దారి ఖర్చులు ఊరివాళ్లే పెట్టుకుంటారు, భోజనం పెడతారు, గెలిస్తే బహుమతి సొమ్ములో వాటా చేతిలో పెట్టి పంపుతారు. ఊరి పరువు కోసం ఒళ్లు హూనం చేసుకున్నవాణ్ని వట్టి చేతులతో పంపడం మర్యాద కాదని అందరికీ తెలుసు.

పండగ అయ్యాక అదే కుర్రాడు కాలేజీ జెర్సీ వేసుకుని అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు వెళితే లెక్క మారిపోతుంది. రానుపోను చార్జీలు, రోజువారీ భత్యం, చివర్లో ఒక సర్టిఫికెట్. అంతకు మించి అడిగితే స్పోర్ట్స్ కోటాలో సీటు ఇచ్చాం కదా, ఫీజు తగ్గించాం కదా, ఇంకేం కావాలంటారు.

ఇంకా కావాలనే నా వాదన. కాలేజీ తరఫున, యూనివర్సిటీ తరఫున ఆడే పిల్లలకు సీటు, ఫీజు రాయితీ కాక, ఆడినన్నాళ్లూ నెలనెలా డబ్బు అందాలి. పతకం వచ్చాక ఇచ్చే నజరానా సంగతి నేను చెప్పడం లేదు. పతకం వస్తుందో రాదో తెలియని ఆ మూడు నాలుగేళ్ల సంగతి చెబుతున్నాను.

అమెరికాలో ఈ తగాదా దశాబ్దాలు నలిగి ఈమధ్యే ఒక కొలిక్కి వచ్చింది. అక్కడి కాలేజీ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ పోటీలకు టీవీ హక్కుల రూపంలో వచ్చే ఆదాయం వందల కోట్ల డాలర్లు. పేరున్న శిక్షకులకు పదుల లక్షల డాలర్ల జీతాలు ముట్టేవి. ఆడేవాళ్లకు మాత్రం స్కాలర్‌షిప్పే. కాలేజీ క్రీడల్ని నడిపే ఎన్‌సీఏఏ, ఆటగాడు డబ్బు తీసుకుంటే ఆట మలినమవుతుందని వాదిస్తూ వచ్చింది. 2021 జూన్‌లో ఆల్‌స్టన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మిది మందీ ఒక్క మాట మీద నిలిచి, చదువుకు సంబంధించిన అదనపు సాయానికి ఎన్‌సీఏఏ పెట్టిన పరిమితులు గుత్తాధిపత్య నిరోధక చట్టానికి విరుద్ధమని తేల్చారు. ఆ మరుసటి నెల నుంచే ఆటగాళ్లకు తమ పేరు మీద, బొమ్మ మీద సంపాదించుకునే వీలు దొరికింది. 2025 జూన్‌లో న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఆమోదించిన ఒప్పందం ఇంకో మెట్టు పైకి వెళ్లింది. 2016 నుంచి ఆడినవారికి బకాయిల కింద సుమారు 280 కోట్ల డాలర్లు చెల్లించాలి. ఇకపై ఒక్కో యూనివర్సిటీ తన ఆటగాళ్లకు నేరుగా డబ్బు పంచవచ్చు. మొదటి ఏడాదికి అలా పంచగల గరిష్ఠ మొత్తం సుమారు 2.05 కోట్ల డాలర్లు.

తెలుగు ఇళ్లకు ఇది మరీ దూరపు సంగతేమీ కాదు. నెల్లూరు నుంచి వెళ్లి అమెరికాలో స్థిరపడిన దంపతుల కొడుకు నిశేష్ బసవరెడ్డి స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీకి టెన్నిస్ ఆడి, 2024 డిసెంబరులో కాలేజీ ఆట వదిలి ప్రొఫెషనల్ అయ్యాడు. తర్వాతి నెలలోనే ఆస్ట్రేలియన్ ఓపెన్ మొదటి రౌండులో జొకోవిచ్‌పై తొలి సెట్ గెలిచాడు. ఓడినా ప్రపంచం అతని వైపు చూసింది. అతను వదిలి వచ్చిన కాలేజీ టెన్నిస్‌లో అప్పట్లో బహుమతి సొమ్ము మీద గట్టి ఆంక్షలుండేవి. 2024 యూఎస్ ఓపెన్‌లో రెండో రౌండుకు చేరిన మాయా జాయింట్ అనే అమ్మాయి, టెక్సాస్ యూనివర్సిటీ తరఫున ఆడే అర్హత పోకూడదని సుమారు 1,40,000 డాలర్ల బహుమతిని వదులుకోవాల్సి వచ్చింది. తన రాకెట్‌తో తాను గెలుచుకున్న డబ్బు అది.

అమెరికాలో పంచడానికి డబ్బుంది, మన కాలేజీల్లో ఏముంది అని వెంటనే అడుగుతారు. నిజమే. ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం కబడ్డీ జట్టు ఆడితే టీవీలు హక్కుల కోసం పోటీ పడవు. అందుకే అమెరికా పద్ధతిని యథాతథంగా తెచ్చుకోమని నేను అనను. అక్కడి గొడవ రాబడి ఎవరికి చెందాలన్నది. ఇక్కడ తేలాల్సింది ఖర్చు ఎవరు మోస్తున్నారన్నది. ఈ రోజున మన కాలేజీ క్రీడల ఖర్చులో పెద్ద వాటా మోస్తున్నది ఆ పిల్లల ఇళ్లు.

ఆ ఖర్చు ఎలా ఉంటుందో చూడండి. షటిల్ ఆడే పిల్లకు మంచి ఈకల షటిల్స్ డబ్బా ఒకటి కొనాలంటే కూలి మనిషి రెండు మూడు రోజుల సంపాదన. పరుగెత్తేవాడికి స్పైక్స్ కావాలి, అవి అరిగిపోతాయి. రోజూ గుడ్లు, పాలు, మాంసం కావాలి. తెల్లారకుండా ప్రాక్టీసుకు రావాలంటే బస్సు దొరకదు, బండి ఉండాలి. కోనసీమకు ఈనాటికీ రైలు లేదు కాబట్టి దూరపు పోటీలకు వెళ్లే పిల్లలు రాజమహేంద్రవరమో, చించినాడ వంతెన దాటి పాలకొల్లో చేరుకుని అక్కడ బండెక్కాలి. ఇవన్నీ కనిపించే ఖర్చులు. కనిపించనిది ఇంకొకటుంది. పేదింటి డిగ్రీ కుర్రాడు సెలవు రోజుల్లో కేటరింగ్‌కో, కొబ్బరి పనికో వెళితే ఎంతో కొంత ఇంటికి తెస్తాడు. పొద్దున్నా సాయంత్రం గ్రౌండులో ఉండేవాడికి ఆ కూలి పోతుంది. ఫీజు మాఫీ చేశామనే కాలేజీ ఈ పోయిన కూలిని ఎన్నడూ లెక్కలోకి తీసుకోదు. అంతర్వేదిలో చేపల వేటకు వెళ్లే తండ్రికీ, గల్ఫ్‌లో ఇంటిపని చేసి డబ్బు పంపే తల్లికీ మాత్రం ఆ లెక్క ప్రతి నెలా తెలుస్తుంది.

అమ్మాయిల విషయంలో ఇది మరీ కఠినం. ఆట వల్ల ఇంటికి వచ్చేదేమీ లేనప్పుడు, డిగ్రీ రెండో ఏడు దాటేసరికి సంబంధాలు చూడటం మొదలవుతుంది. నెలకు పది వేలు ఆ అమ్మాయి బ్యాంకు ఖాతాలో పడుతుంటే, ఇంకో రెండేళ్లు ఆడనివ్వండని అడగడానికి ఆమెకు ఇంట్లో ఒక బలం దొరుకుతుంది.

అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ బ్యాడ్మింటన్‌లో ప్రపంచ నంబర్ వన్ కాలేదా అని నన్ను అడగవచ్చు. అయ్యాడు. చిరాగ్ శెట్టితో కలిసి 2022లో థామస్ కప్ గెలిచిన జట్టులో ఉన్నాడు, 2023లో ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చాడు, ఆ అక్టోబరులోనే డబుల్స్‌లో మొదటి ర్యాంకు అందుకున్నాడు. కోనసీమ గడ్డ మీద పుట్టిన కుర్రాడు అంత ఎత్తుకు వెళ్లాడు. కానీ అతను ఎలా వెళ్లాడో కూడా చూడాలి. తండ్రి కాశీవిశ్వనాథం గారు వ్యాయామ ఉపాధ్యాయుడు, స్వయంగా షటిల్ ఆటగాడు. కొడుకులో ఏముందో గుర్తుపట్టే కన్ను ఆ ఇంట్లోనే ఉంది. 2014లో, పద్నాలుగేళ్ల వయసులో సాత్విక్ హైదరాబాద్ వెళ్లి గోపీచంద్ అకాడమీలో చేరాడు. 2025 ఫిబ్రవరిలో కాలం చేసిన ఆ తండ్రి కొడుకు కోసం పడ్డ శ్రమకు ఈ ప్రాంతం రుణపడి ఉంది. అయితే ప్రతి ఇంట్లో వ్యాయామ ఉపాధ్యాయుడు ఉండడు. పద్నాలుగేళ్లకే అకాడమీకి వెళ్లలేని పిల్లలకు మిగిలే దారి కాలేజీ గ్రౌండే. ఆ దారిలో డబ్బు లేదు.

ఆ దారిలోంచే వచ్చిన యర్రాజి జ్యోతిని తీసుకోండి. విశాఖపట్నం అమ్మాయి. తండ్రి సెక్యూరిటీ గార్డు, తల్లి ఇళ్లలో పనిచేసేవారు. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం తరఫున 2020 జనవరిలో మూడబిద్రిలో జరిగిన అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో 100 మీటర్ల హర్డిల్స్‌ను 13.03 సెకన్లలో దాటింది. అప్పటి జాతీయ రికార్డు 2002లో అనురాధ బిస్వాల్ నెలకొల్పిన 13.38. పద్దెనిమిదేళ్ల రికార్డును మించి పరుగెత్తినా ఆమె పేరు రికార్డుల్లోకి ఎక్కలేదు. అక్కడ జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ (నాడా) పరీక్ష జరగలేదు, అథ్లెటిక్స్ ఫెడరేషన్ సాంకేతిక ప్రతినిధి లేరు. తర్వాత భువనేశ్వర్‌లో మంచి శిక్షణ దొరికాక 2022లో అధికారికంగా రికార్డు బద్దలు కొట్టింది, 2023లో ఆసియా చాంపియన్ అయింది, పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లింది. యూనివర్సిటీ ఆటను మన వ్యవస్థ ఎంత తేలిగ్గా తీసుకుంటుందో మూడబిద్రి చెబుతుంది. ఆమె పరుగును నమోదు చేసే ఏర్పాటు కూడా లేని చోట ఆమె నెల ఖర్చుల గురించి ఎవరు ఆలోచిస్తారు?

దేశం అసలేమీ ఇవ్వడం లేదని చెబితే అన్యాయమవుతుంది. ఒలింపిక్ పతకంపై ఆశ ఉన్నవారికి టాప్స్ పథకం కింద నెలకు 50,000 రూపాయల భత్యం వస్తుంది. ఖేలో ఇండియాకు ఎంపికైనవారికి శిక్షణ కాక నెలకు 10,000 చేతి ఖర్చులకు ఇస్తారు. ఆ పథకం చాలామందిని నిలబెట్టింది. కానీ దేశం మొత్తం మీద ఆ జాబితాలో ఉండేది మూడు వేల లోపే. మిగతా పిల్లలందరూ సొంత ఇంటి డబ్బుతో ఆడుతున్నారు.

మన రాష్ట్రం సంగతికి వద్దాం. 2024లో వచ్చిన కొత్త క్రీడా విధానంలో ఒలింపిక్ స్వర్ణానికి ఇచ్చే మొత్తాన్ని 75 లక్షల నుంచి 7 కోట్లకు పెంచారు. రజతానికి 5 కోట్లు. ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటాను 2 శాతం నుంచి 3 శాతం చేశారు. ఇవి మంచి నిర్ణయాలే, నేను స్వాగతిస్తున్నాను. అయితే ఒక్క లెక్క వేయండి. రాష్ట్రంలోని విశ్వవిద్యాలయాలన్నిటి నుంచి వెయ్యి మంది ఆటగాళ్లను ఎంచి నెలకు పది వేల చొప్పున ఇస్తే ఏడాదికి అయ్యేది 12 కోట్లు. ఒక స్వర్ణానికీ ఒక రజతానికీ ఇస్తామని చెప్పిన మొత్తం అంతే. గెలిచిన ఇద్దరికి ఇవ్వగలిగిన డబ్బు, గెలవడానికి సిద్ధమయ్యే వెయ్యి మందికి లేదని ఎలా అంటాం? కాపు పట్టాక కాయలకు వెల కట్టడం మనకు బాగా వచ్చు. మొక్కకు నీళ్లు పోసేవాళ్లే కరువయ్యారు.

డబ్బు ఇస్తే చదువు చెడుతుంది, ఆట మీద ప్రేమ పోతుంది అనే మాటకు నా దగ్గర సమాధానం ఉంది. పీహెచ్‌డీ చేసే విద్యార్థికి జేఆర్ఎఫ్ కింద నెలకు 37,000 రూపాయలు ఇస్తున్నాం. చదువు మీద ప్రేమ పోతుందని ఒక్కరూ అనలేదు. హౌస్ సర్జన్‌కు స్టైపెండ్ ఇస్తున్నాం. ఐటీఐ పూర్తిచేసి ఫ్యాక్టరీలో పని నేర్చుకునే కుర్రాడికి 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద డబ్బు ఇస్తున్నాం. నేర్చుకుంటూ సంస్థకు పనికొచ్చేవాడికి డబ్బు ఇవ్వడం మనకు కొత్తేమీ కాదు. ఆటల్లోనూ కొత్త కాదు. 2021లో బీసీసీఐ పెంచిన లెక్క ప్రకారం అండర్ 19 దేశవాళీ మ్యాచ్ ఆడే కుర్రాడికి రోజుకు 20,000 రూపాయలు. ఆ వయసు కుర్రాడికి క్రికెట్ ఒక్క రోజులో ఇచ్చేది, ఖేలో ఇండియా భత్యం లెక్కన రెండు నెలల సొమ్ము. యూనివర్సిటీ ఖోఖో జట్టులోని అమ్మాయికి ఏళ్ల తరబడి ఆడినా రాదు. క్రికెట్‌కు ఆదాయం ఉంది కాబట్టి ఇస్తోంది, దాన్ని తప్పు పట్టను. మిగతా ఆటలకు ఆదాయం లేదు కాబట్టే ప్రభుత్వం, విశ్వవిద్యాలయం ముందుకు రావాలి.

ఎవరికి ఎంత అన్న దగ్గర జట్లలో చిచ్చు రేగుతుందనే భయం మాత్రం సరైనదే. అమెరికాలో పెద్ద ఆటలు ఆడేవారికి ఎక్కువ, మిగతావారికి నామమాత్రం అనే పరిస్థితి వచ్చింది. అందుకే మన దగ్గర పద్ధతి మొదటి నుంచే సూటిగా ఉండాలి. యూనివర్సిటీ జట్టుకు ఎంపికైన ప్రతి ఒక్కరికీ ఒకే మొత్తం. కబడ్డీకైనా కత్తిసాముకైనా అదే, అమ్మాయికైనా అబ్బాయికైనా అదే. డబ్బు నేరుగా విద్యార్థి ఖాతాలో పడాలి, కాలేజీ చేతుల మీదుగా వెళ్లకూడదు. తరగతులకు హాజరు, పరీక్షలు రాయడం షరతుగా పెట్టవచ్చు, మార్కులు కాదు. మోకాలు విరిగిన నెలలో జీతం ఆగకూడదు, ఆటలో తగిలిన గాయానికి వైద్యం ఖర్చు సంస్థదే కావాలి. గాయపడ్డవాడి సీటునూ ఫీజు రాయితీనీ కోర్సు ముగిసేదాకా ముట్టుకోకూడదు.

ఇంకొక్క నియమం కావాలి. ప్రైవేటు కాలేజీలు, డీమ్డ్ యూనివర్సిటీలు పతకం తెచ్చిన విద్యార్థి బొమ్మను అడ్మిషన్ల ఫ్లెక్సీలకు, పత్రికా ప్రకటనలకు వాడుకుంటాయి. రావులపాలెం నుంచి అమలాపురం దాకా దారి పొడవునా అలాంటి బొమ్మలు చూస్తూనే ఉన్నాం. ఆ బొమ్మ చూసి చేరిన పిల్లల ఫీజులో బొమ్మలోని పిల్లకు రూపాయి వాటా లేదు. ఆమె అనుమతి లిఖితంగా తీసుకోవాలి, వాడుకున్నందుకు ఆమెకు చెల్లించాలి. టీవీ హక్కులు లేకపోయినా మన కాలేజీలకు ఆటగాళ్ల వల్ల ఆదాయం ఉంది. అది అడ్మిషన్ల రూపంలో వస్తుంది కాబట్టి లెక్కల్లో కనిపించదు, అంతే.

సంక్రాంతి మూడు రోజుల్లో పందెం బరుల దగ్గర కోట్లు చేతులు మారే నేల ఇది. ఇక్కడ డబ్బు లేదని నన్ను ఎవరూ నమ్మించలేరు. ప్రతి విద్యార్థి దగ్గరా వసూలు చేసే గేమ్స్ ఫీజు ఎంత, అందులో ఆటగాళ్లకు చేరింది ఎంత అని ప్రతి కాలేజీ ఏడాదికోసారి నోటీసు బోర్డు మీద పెట్టాలి. నన్నయ విశ్వవిద్యాలయం పాలకమండలి ముందుకొచ్చి తన జట్ల వరకైనా ఈ నెల జీతాన్ని మొదలుపెడితే రాష్ట్రానికి దారి చూపినట్టవుతుంది. కోనసీమ శాసనసభ్యులు దీన్ని సభలో అడగాలి, రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ (శాప్) లెక్కలు కట్టి ప్రభుత్వం ముందు పెట్టాలి. అమెరికాలో ఈ న్యాయం కోసం ఆటగాళ్లు కోర్టు మెట్లెక్కి ఏళ్ల తరబడి పోరాడాల్సి వచ్చింది. మన పిల్లలకు అంత స్తోమత లేదు, అంత సమయమూ లేదు. కాలేజీ ఆట మూడు నాలుగేళ్లలో అయిపోతుంది. కాబట్టి వాళ్ల తరఫున మనం అడగాలి, ఈ విద్యాసంవత్సరంలోనే అడగాలి.