పుటమీది నీడలు

నలదమయంతుల స్వయంవర కథ వినని సోదరీమణులు మనలో నుండరు. ఒక్క రూపముతో నేవురు నలులు సభలో కానవచ్చినపుడు దమయంతికి నిజమైన నలుని పట్టి యిచ్చినవి రూపరేఖలు కావు. నలుగురి పాదములు నేలను తాకలేదు, వారి మాలలు వాడలేదు, వారికి నీడ లేదు. ఐదవవానికి నీడ కలదు. కన్నులు మోసపోయినచోట నీడ సాక్ష్యము చెప్పినది.

గత మాసము పాత ఫోటోలను స్కాను చేసి, కంప్యూటరులో కుటుంబపు స్క్రాప్‌బుక్ పుటలను కూర్చు విధమును వ్రాసియుంటిమి. అట్లు కూర్చిన యొక సోదరి మాకు జాబు వ్రాయుచు, తమ పుటలో ఫోటోలు, పువ్వులు, రిబ్బనులు కాగితముపై నిలువక గాలిలో తేలుచున్నట్లున్నవని చెప్పిరి. మఱియొక కోరికయు తెలిపిరి. కుమారుని వివాహమునకు ముందే గతించిన తమ యత్తగారి రూపమును పాత ఫోటోనుండి కత్తిరించి, పెండ్లి ఫోటోలో అందఱి నడుమ నిలిపి, పాదములకడ నీడ వేయుట యెట్లని వారి ప్రశ్న. మొదటిదానికి ముందు బదులు చెప్పి, రెండవదానికి పిమ్మట వచ్చెదము.

కత్తెరతోడను జిగురుతోడను పుటను కూర్చునపుడు నీడను గూర్చి తలపనక్కఱ లేదు. గదిలోని వెలుగే దానిని వేయును. తెరపై కూర్చు పుటకు మందము లేదు, దానిపై వెలుగును లేదు. రెండును మనమే కల్పింపవలయును. ఫోటోషాప్‌లోని డ్రాప్ షాడో అను సాధనము ఇందులకే యేర్పడినది. అందు ముఖ్యముగ చూడవలసినవి నాలుగు: వెలుగు వచ్చు దిక్కు, నీడ జరుగు దూరము, అంచు మసక, గాఢత. చాలమంది యేదో యొక యంకె పెట్టి, ఆ యంకెనే ఫోటోకు, బొత్తామునకు, దారమునకు, ఆకునకు సమానముగ అంటగట్టుదురు. తేలుటకు మూలకారణ మిదియే.

తోలుబొమ్మలాట చూచినవారికి దీని మర్మము వేరుగ చెప్పనక్కఱ లేదు. బొమ్మను తెరకు హత్తి పట్టినచో గీఁతలన్నియు స్పష్టముగ నుండును. దీపమువైపు వెనుకకు తీసినకొలది నీడ పెరిగి అంచులు చెదరును. మా వారు పాఠశాలలో పిల్లలకు ప్రచ్ఛాయ, ఉపచ్ఛాయ యని గ్రహణములనాడు బోధించునది యిదియే. పుటకు అంటియున్న వస్తువు నీడ పొట్టిది, నల్లనిది, అంచు తేరినది. పుటనుండి లేచిన వస్తువు నీడ దూరముగ జరిగి, పలుచనై, మసకబారును. నమ్మనివారు రాత్రివేళ నొక తెల్లకాగితముపై రూపాయి బిళ్లను, ఎండుటాకును ఉంచి ప్రక్కనుండి సెల్‌ఫోను టార్చి వేసి చూచెదరు గాక. పిమ్మట టార్చి ఆర్పి ట్యూబులైటు క్రింద చూడుడు. నీడ యంచులెల్ల మెత్తబడును, ఏలయన దీపము పొడవైనది.

ఇక కొలతలు. ఈ పుటలు అమెరికావారి వాడుకనుబట్టి సాధారణముగ 12 అంగుళముల చదరముగ నుండును. అంగుళమునకు 300 పిక్సెళ్ల చొప్పున ఒక్కొక్క ప్రక్క 3600 పిక్సెళ్లు. అనగా ఒక మిల్లీమీటరునకు సుమారు 12 పిక్సెళ్లు. వెలుగు 45 డిగ్రీల వాలుగ వచ్చినపుడు నీడ పొడవు వస్తువు ఎత్తునకు సమానము. కాబట్టి పావు మిల్లీమీటరు మందముగల ఫోటోకు 3 పిక్సెళ్ల దూరము చాలును. అతికించిన కాగితపు అంచు అంతటను సమముగ నుండదు గనుక 6 చేసినను దోషము లేదు. 3 మిల్లీమీటర్ల బొత్తామునకు 35 కావలయును. కుట్టుదారమునకు 2 మించరాదు. దారమునకు 20 పెట్టిన పుటలు మేము చూచితిమి. ఆ దారము కుట్టుగ గాక బట్టలారవేయు తీఁగెగ కానవచ్చును! మసకకు మేము దూరపు అంకెకు సమీపమైన యంకెనే వాడుదుము, వస్తువు మెత్తనిదైన కొంచెము హెచ్చింతుము.

దిక్కు విషయమున నొక చిక్కు కలదు. ఫోటోషాప్‌లో యాంగిల్ అనునది వెలుగు వచ్చు దిక్కును చెప్పును, నీడ దానికి ఎదురుగ పడును. వెల లేకుండ దొరకు గింప్‌లోనో, ఎక్స్, వై అను అంకెలు నీడ పడు దిక్కునే చెప్పును. ఒకదానిలో నేర్చినవారు రెండవదానికి పోయినపుడు తికమకపడుదురు. ఫోటోషాప్‌లో గ్లోబల్ లైట్ అను గుర్తు ఉంచినచో దానికి లోబడిన నీడలన్నియు నొకే సూర్యుని క్రింద నుండును. అయితే కొని తెచ్చుకొన్న పూలగుత్తులకు కొన్నింటికి నీడ ముందే కలిసి వచ్చును. వానిని త్రిప్పినచో నీడయు త్రిరుగును. పుటలో రెండు సూర్యులుదయింతురు. అట్టివానిని త్రిప్పకుండ వాడుడు, లేదా నీడ లేనివానినే కొనుడు.

అన్నిటికంటె నందము తెచ్చునది నీడను వస్తువునుండి విడదీయుట. లేయర్ స్టయిల్ క్రింద క్రియేట్ లేయర్ అను ఆజ్ఞ నిచ్చిన నీడ వేఱు పొరయగును. దానిని వార్ప్ అను సాధనముతో పట్టి ఒక మూలను మాత్రము వెలుపలికి లాగినచో ఫోటో మూల కాగితమునుండి లేచినట్లు కనబడును. ఆకు తొడిమకడ నీడ నంటియుండనిచ్చి, కొనకడ దూరము చేయుడు. రిబ్బను ముడికడ కాగితమును తాకును, నడుమ ఉబ్బును. నీడయు నట్లే నడువవలయును. ఒక పువ్వు సగము ఫోటోపైనను సగము పుటపైనను ఉన్నచో ఫోటో యంచుకడ దాని నీడ యొక మెట్టు దిగును. ఫోటోపై పొట్టిగను, పుటపై కొంచెము పొడవుగను పడును. ఇంత యెవరు చూతురందురా? తెలిసి చూడరు గాని, లోపమున్నచో కన్ను కుదుటపడదు.

రంగునకు శుద్ధమైన నలుపు మాకు రుచింపదు. కాగితపు రంగులోనే మిక్కిలి ముదురైన ఛాయ నెన్ని మల్టిప్లై పద్ధతిలో నుంచుడు. నార్మల్‌లో నుంచిన గోధుమరంగు నీడ నల్లకాగితముపై నీడగ గాక ధూళిగ తెల్లబడును.

ఇప్పుడు అత్తగారి మాట. పాదములకడ నీడ వేయుట కష్టము కాదు. రూపమును వంచి, నలుపు నింపి, మసకబార్చినచో సరి. కాని ఆ పెండ్లి ఫోటోలో వెలుగు వధూవరుల కుడిచెంపపై నున్నదనియు, అత్తగారి ఫోటోలో ఎడమచెంపపై నున్నదనియు ఆ సోదరియే వ్రాసిరి. నేలమీది నీడ మొగముమీది నీడను దిద్దజాలదు. దానిని గూడ దిద్దగలవారు నేడు కలరు. అయినను చేయవలదనియే మా సలహా. మనుమని పెండ్లి చూడకయే ఆమె వెళ్లిపోయిరి. ఆ యింట నందఱికి కలిగిన వెలితి అది. ముప్పది యేండ్ల పిమ్మట ఆ పుట తెఱచిన పిల్లలు నాయనమ్మ పెండ్లికి వచ్చినదనుకొందురు. వెలితి యుండెనని వారికి తెలియదు. తెలిసినపుడో, తక్కిన ఫోటోలను సైతము శంకింతురు.

ఆమె ఫోటోను ఫోటోగనే, తెల్లని యంచుతో, పెండ్లి ఫోటో ప్రక్కన నుంచుడు. 6 పిక్సెళ్ల నీడ నిచ్చి, దిగువ కుడిమూలను వార్ప్‌తో కొంచెము లేపుడు. వధూవరుల ఫోటో అంచు ఆమె ఫోటో అంచుపైకి వ్రేలెడు జరిగినను బాగుండును. అప్పుడు వారి ఫోటో నీడ ఆమె ఫోటోపై పడును. రెండు ఫోటోలు తీసిన సంవత్సరములను వేర్వేరుగ క్రింద వ్రాయుడు.