సంపాదకుని మాట: లండన్ బరిలో గామా

టిక్కెట్లు అమ్మి, పందెపు సొమ్ము కట్టి ఆడించే వృత్తి కుస్తీలో, నడుము కింద పట్టు నిషిద్ధమైన గ్రీకో-రోమన్ పద్ధతిని, కాళ్లతో సహా ఎక్కడైనా పట్టనిచ్చే ‘క్యాచ్’ పద్ధతి క్రమంగా వెనక్కు నెట్టింది. 1908 ఏప్రిల్ 3న షికాగోలో, గ్రీకో-రోమన్ పద్ధతిలో పేరొందిన జార్జ్ హాకెన్‌ష్మిట్ దాదాపు రెండు గంటల పెనుగులాట తర్వాత క్యాచ్ మల్లుడు ఫ్రాంక్ గాచ్‌కు లొంగిపోవడం అందులో పెద్ద మలుపు. అయినా ఆ కాలపు చరిత్రలో తగిన చోటు దక్కని భారత మల్లుడు గామా పహిల్వాన్‌కే ఈ సంచికలో పెద్దపీట వేయడం న్యాయం. 1910 సెప్టెంబరు 10న లండన్‌లో, గామాతో పోటీలో, భుజాలు నేలకు ఆనితే ఓటమి గనుక, పోలెండ్ మల్లుడు స్టానిస్లాస్ జిబిస్కో బోర్లా పడి, మ్యాట్‌ను కరచుకుని రెండున్నర గంటలు గడిపాడు. వారం తర్వాత జరగవలసిన మలి పోటీకి రానేలేదు. 1928లో పటియాలాలో అదే జిబిస్కోను గామా నిమిషంలోపే పడగొట్టాడు.