బిల్లు తగాదాలోకి రోగిని లాగొద్దు

ఇందుకూరుపేట, మైపాడు, గంగపట్నం ఊళ్లలో ఎవరికైనా అర్ధరాత్రి గుండెనొప్పి వస్తే బండి తిరిగేది నెల్లూరు వైపే. నెల్లూరులో కాదంటే చెన్నై. 108లో ఎక్కించినా, పక్కింటివాళ్ల కారులో పట్టుకుపోయినా, ఆ వేళ అందరూ ఆరా తీసేది ఒక్కటే: ఏ ఆసుపత్రిలో డాక్టరు ఉన్నాడు? ఆ ఆసుపత్రి తమ బీమా కంపెనీ నెట్‌వర్క్‌లో ఉందా, సర్కారు పథకమైన ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఆ చికిత్స చేస్తారా అని ఆగి కనుక్కునే తీరిక ఎవరికీ ఉండదు, ఉండాలనడం న్యాయమూ కాదు. తీరా డిశ్చార్జి నాడు కౌంటర్ దగ్గర చల్లగా చెబుతారు: "ఈ కార్డు ఇక్కడ చెల్లదండీ. ముందు కట్టేసి, తర్వాత రీయింబర్స్‌మెంట్‌కు పెట్టుకోండి."

రొయ్యల గుంట లీజుకని దాచుకున్న డబ్బు ఆ గంటలోనే కరిగిపోతుంది. చాలకపోతే నగలు తాకట్టుకు వెళతాయి.

ఇక్కడ అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఏ ఆసుపత్రి ఏ కంపెనీతో ఒప్పందం చేసుకుందో, ఎంత రేటుకు చేసుకుందో రోగికి తెలియదు. ఆ ఒప్పందంలో అతని సంతకమూ లేదు. అలాంటప్పుడు ఒప్పందం లేని చోట చికిత్స జరిగితే ఆ తేడా అతనెందుకు కట్టాలి?

సర్కారు కార్డు సంగతే చూద్దాం. 2007 ఏప్రిల్ 1న శ్రీకాకుళం, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీయే ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. నెట్‌వర్క్ ఆసుపత్రి ఈ పథకం కింద చేర్చుకున్న రోగి దగ్గర అదే చికిత్సకు డబ్బు వసూలు చేయకూడదు. అడిగితే అక్కడే ఉండే పథకం సహాయకులకు చెప్పాలి, లేదా 104కు ఫోన్ చేయాలి. కట్టక తప్పకపోతే రసీదు వదలకూడదు. 2019 నవంబరులో ఈ పథకాన్ని చెన్నై, బెంగళూరు, హైదరాబాద్‌లకూ విస్తరించారు. నెల్లూరు జిల్లావాళ్లకు అది పెద్ద ఊరటే. అయితే అప్పుడు అనుమతించింది 716 రకాల చికిత్సలకు, అదీ ఎంపిక చేసిన ఆసుపత్రుల్లోనే. చెన్నైలో కార్డు చెల్లుతుందని విన్న కుటుంబానికి ఈ షరతులు తెలిసేసరికి రోగి ఐసీయూలో ఉంటాడు. పైగా నెట్‌వర్క్ అన్నది నిలకడగా ఉండేదీ కాదు. బకాయిలు చెల్లించలేదంటూ 2025 అక్టోబరులో రాష్ట్రంలోని ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేశాయి. ప్రభుత్వానికీ ఆసుపత్రులకూ మధ్య లెక్క తేలకపోతే ఇబ్బంది పడింది ఆ లెక్కతో సంబంధం లేని రోగులు.

ప్రీమియం కట్టి తీసుకున్న ప్రైవేటు పాలసీలదీ దాదాపు ఇదే కథ. నెట్‌వర్క్‌లో లేని ఆసుపత్రిలోనూ క్యాష్‌లెస్ ఇచ్చేలా 2024 జనవరిలో సాధారణ బీమా కంపెనీల మండలి ఒక ఏర్పాటు ప్రకటించింది. అత్యవసరంగా చేరితే 48 గంటల్లోగా కంపెనీకి తెలపాలి. అదే ఏడాది మే నెలలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ వినతిపై గంటలో, డిశ్చార్జి అనుమతిపై మూడు గంటల్లో కంపెనీ తేల్చాలి. మూడు గంటలు దాటి ఆసుపత్రి అదనపు చార్జీలు వేస్తే వాటిని కంపెనీయే భరించాలి. మంచి నిబంధనలే. కానీ ఐఆర్‌డీఏఐ అదుపులో ఉండేవి బీమా కంపెనీలు, ఆసుపత్రులు కావు. "మేం క్యాష్‌లెస్ ఒప్పుకోం" అని ఆసుపత్రి అంటే ఆ సర్క్యులర్ చూపించి ఒప్పించలేరు. రాష్ట్రంలో ప్రైవేటు ఆసుపత్రులకు వర్తించేది వేరే చట్టం, 2002 నాటిది. రెండు అధికార వ్యవస్థల మధ్య సందులో పడి నలుగుతున్నది రోగి కుటుంబం.

నెట్‌వర్క్ ఆసుపత్రిలో చేరినా గండం తప్పని సందర్భం ఇంకొకటి ఉంది. పాలసీలో గది అద్దె పరిమితి రోజుకు 5 వేలనుకుందాం. ఖాళీ లేదంటూ 10 వేల గది ఇచ్చారు. అద్దెలో తేడా ఐదు వేలే కదా అని ఇంటివాళ్లు సరేనంటారు. తీరా చూస్తే సర్జన్ ఫీజు, ఆపరేషన్ థియేటర్ చార్జీలు, నర్సింగ్ చార్జీలు అన్నీ అదే నిష్పత్తిలో సగానికి కోసేస్తారు. ఈ కోత మందులకు, ఇంప్లాంట్లకు, పరీక్షలకు, ఐసీయూ చార్జీలకు వర్తించదని ఐఆర్‌డీఏఐ 2020లోనే స్పష్టం చేసింది. ఆ సంగతి తెలియక ఎంతోమంది కోసినంతా వదులుకుంటున్నారు. మొత్తం ఒకే అంకెగా రాసిచ్చిన బిల్లులో ఈ తేడా కనపడదు. అందుకే ఏ రోజు ఏ మందు, ఏ పరీక్ష, ఎంత ధర అని విడివిడిగా రాసిన బిల్లు, కేస్ షీట్ నకలు అడిగి తీసుకోవాలి. నెట్‌వర్క్ బయట చేరాల్సి వస్తే, అది అత్యవసరమని డాక్టరు చేత రాయించుకోవడమూ ముఖ్యమే.

క్లెయిము కోసినా, తిరస్కరించినా ఆ కాగితాలతో ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లో బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల దాకా విచారిస్తారు. తీర్పును కంపెనీ 30 రోజుల్లో అమలు చేయకపోతే పాలసీదారుకు రోజుకు 5 వేల చొప్పున ఇవ్వాలి. ఆసుపత్రి మీదే ఫిర్యాదైతే నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షలలోపు అయితే అక్కడా ఫీజు లేదు. ఇన్ని తలుపులున్నా చాలామంది వెళ్లేది ఎమ్మెల్యే ఆఫీసుకే, ముఖ్యమంత్రి సహాయనిధి దరఖాస్తు పట్టుకుని. ఆ చెక్కు కుటుంబాలకు ఆసరా అయిన మాట నిజమే. అయితే అది దయతో ఇచ్చేది, అదీ బిల్లులో కొంత భాగమే. రావాల్సిన క్లెయిము హక్కుగా రావాలి.

అమెరికాలో ఇలాంటి బిల్లులతో కుటుంబాలు దివాలా తీస్తుంటే 2022 జనవరి 1 నుంచి ఒక చట్టం అమల్లోకి తెచ్చారు. అత్యవసర చికిత్స నెట్‌వర్క్ బయట జరిగినా, నెట్‌వర్క్‌లో జరిగితే ఎంత కట్టాలో రోగి అంతే కడతాడు. మిగతా తేడా ఆసుపత్రి, బీమా కంపెనీ మధ్యవర్తి దగ్గర తేల్చుకోవాలి. లోపాలు లేవని కాదు. రోడ్డు అంబులెన్సులను అందులో చేర్చలేదు. అక్కడున్న పిల్లల దగ్గరికి వెళ్లే మన తల్లిదండ్రులు తీసుకునే విజిటర్ ఇన్సూరెన్సుకూ అది వర్తించదు. అయినా తగాదాలోంచి రోగిని పక్కకు తప్పించడమన్న మౌలిక సూత్రం సరైనది, ఇక్కడా అవసరమైనది.

ఆంధ్రప్రదేశ్ ఆ సూత్రం అమలును ఢిల్లీ కోసం ఎదురుచూడకుండానే మొదలుపెట్టవచ్చు. అత్యవసరంగా చేరిన రోగికి బీమా ఉంటే, నెట్‌వర్క్ సాకుతో తేడా వసూలు చేయరాదన్న షరతును 2002 చట్టం కింద ఆసుపత్రుల రిజిస్ట్రేషన్‌కు జోడించాలి. కంపెనీలు తమవంతు సొమ్ము ఆసుపత్రికే నేరుగా చెల్లించేలా ఐఆర్‌డీఏఐ చూడాలి. ఈలోగా జిల్లా యంత్రాంగం చేయగలిగింది చాలా ఉంది. నెల్లూరులో, చెన్నైలో ఏ ఆసుపత్రి ఏ చికిత్సకు వైద్య సేవ నెట్‌వర్క్‌లో ఉందో తెలిపే జాబితాను ప్రతి నెలా గ్రామ సచివాలయం గోడ మీద, విలేజ్ హెల్త్ క్లినిక్‌లో, 108 సిబ్బంది చేతిలో పెట్టవచ్చు. క్లెయిము తిరస్కరణ లేఖ పట్టుకొచ్చిన వాళ్ల అంబుడ్స్‌మన్ ఫిర్యాదును సచివాలయంలోనే ఆన్‌లైన్‌లో నింపించవచ్చు. దీనికి కొత్త ఉద్యోగాలు అక్కర్లేదు, ఉన్న సిబ్బందికి కొద్దిపాటి శిక్షణ చాలు.