దేవుడి సంగతి సరే, గుంత సంగతి చెప్పండి

ముక్కుసూటి మాటలు – 17

మా స్టాఫ్ రూములో ఒక సీనియర్ సార్ మొన్న అడిగారు. "నీది తెలుగు పీహెచ్‌డీ కదా. జాషువా గురించో, సీమ కథల గురించో రాసుకోక సైన్సు, టెక్నాలజీ నీకెందుకయ్యా?" అని. సారుకు జవాబు చెప్తాను. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి.

2023 జూలై 13. చంద్రయాన్–3 ఎగరడానికి ముందురోజు. ఇస్రో శాస్త్రవేత్తలు కొందరు రాకెట్ నమూనా పట్టుకుని తిరుమలకు వచ్చి దర్శనం చేసుకున్నారు. టీవీల నిండా అదే. ఆ రాత్రి నేను వేడివేడిగా ఒక పోస్టు రాశాను. రాజ్యాంగంలోని 51ఎ(హెచ్) శాస్త్రీయ దృక్పథాన్ని పౌరుడి బాధ్యత అంటోంది, ఇదేనా ఆ దృక్పథం అని. లైకులు దండిగా వచ్చాయి. మనవాళ్లే కాదు, అగ్రకుల హేతువాద మిత్రులు కూడా భుజం తట్టారు. రెండు రోజులు ఛాతీ విరుచుకుని తిరిగాను.

మూడో రోజు మేం అద్దెకుండే ఇంట్లో సెప్టిక్ ట్యాంకు పొంగింది.

తిరుపతిలో ఏ కరెంటు స్తంభం చూసినా సెప్టిక్ ట్యాంక్ క్లీనింగ్ అని ఒక ఫోన్ నంబరు ఉంటుంది. ఇంటాయన ఫోన్ చేశాడు, బండి వచ్చింది. పైపు వేసి మోటారు పెడితే పల్చటిదంతా లాగేసింది. అడుగున మడ్డి గట్టిపడి ఉంది, పైపుకు రాలేదు. డ్రైవర్ రెండు దారులు చెప్పాడు. నీళ్లు కొట్టి, మడ్డి కలిపి, ఇంకో ట్రిప్పు లాగొచ్చు. దానికి ఇంకో 2 వేలు. లేదంటే మనిషి దిగి బకెట్‌తో ఎత్తుతాడు. దానికి 500. ఇంటాయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "దింపు" అన్నాడు.

దిగాల్సిన మనిషికి యాభై ఏళ్లుంటాయి. చొక్కా విప్పుతూ నా వంక చూశాడు.

"యా ఊరు సార్ మీది?"

"పుత్తూరు పక్కన అన్నా."

"ఊర్లోనా, వాడలోనా?"

"వాడలోనే."

అంతే. సార్ పోయింది, నాయనా వచ్చింది. "అట్లయితే నువ్వీడ నిలబడాకు నాయనా, లోపలికి పో. చదువుకున్నోడివి, ఎవురన్నా చూస్తే బాగుండదు" అన్నాడు.

ప్రాణం పోయే గుంతలోకి దిగబోతున్న మనిషి, నా పరువు గురించి ఆలోచించాడు.

ఆయన దిగలేదు. ఆ 2 వేలు నేనే ఇచ్చాను. ఇందులో నా గొప్పేమీ లేదు. "దింపు" అన్న మాట విన్నాక నా నోరు పెగలడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలుసు. ఆయన నన్ను లోపలికి పొమ్మనేదాకా పట్టింది. రాకెట్ మీద పోస్టు రాయడానికి పది నిమిషాలు పట్టలేదు.

ఆ రోజు నాకొక లెక్క అర్థమైంది. యంత్రం లేక కాదు మనిషి దిగేది. యంత్రం గేటు ముందే నిలబడి ఉంది. నీళ్లున్నాయి, మోటారుంది, డ్రైవరుకు పని తెలుసు. మనిషిని దింపితే యంత్రం కంటే 1,500 మిగులుతుంది. ఈ దేశంలో ఆ చవకతనం పేరే కులం.

తర్వాత మా కెమిస్ట్రీ మేడమ్‌ను అడిగాను, ఆ గుంతలో ఏముంటుంది మేడమ్ అని. ల్యాబులోకి తీసుకెళ్లి కిప్ పరికరం చూపించారు. ఐరన్ సల్ఫైడ్ మీద ఆమ్లం పడితే హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది, లవణాల పరీక్షకు వాడతారు. కుళ్లిన కోడిగుడ్డు వాసన. సెప్టిక్ ట్యాంకులో మలం మురిగినప్పుడు పుట్టేదీ అదే వాయువు. గాలికన్నా బరువు, అందుకని అడుగున చేరుతుంది. మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారిపోతుంది. వాసన లేదు కాబట్టి భయం లేదనుకుంటాడు దిగినవాడు. కొన్ని ఊపిరుల్లోనే కూలిపోతాడు. పైనున్నవాడు కాపాడదామని దిగుతాడు. వాడూ పోతాడు.

ల్యాబులో ఆ వాయువు వస్తే కిటికీలు తీస్తాం, ఫ్యాన్లు పెడతాం. ట్యాంకులో వస్తే దానికి మనిషిని ఇస్తాం.

2018 ఫిబ్రవరి. పలమనేరు దగ్గర మొరం గ్రామం. ఒక కోళ్ల హేచరీలో ట్యాంకు శుభ్రం చేయబోయి 7 మంది కూలీలు చనిపోయారు. దానికి 13 నెలల ముందే, 2017 జనవరి 3 నుంచి 7 దాకా, అప్పటి అదే చిత్తూరు జిల్లాలో, తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో 104వ ఇండియన్ సైన్స్ కాంగ్రెస్ జరిగింది. ప్రధానమంత్రి వచ్చి ప్రారంభించారు. అక్కడి నుంచి మొరానికి బస్సులో పోయినా ఒక పూటలో చేరుకోవచ్చు. సైన్సు మాత్రం 13 నెలల్లో చేరలేదు.

ఆ తర్వాత 2019 జనవరిలో జలంధర్ సైన్స్ కాంగ్రెస్‌లో మన ఆంధ్ర విశ్వవిద్యాలయం అప్పటి వైస్ చాన్సలర్ కౌరవులు టెస్ట్ ట్యూబ్ బేబీలని చెప్పారు. దేశమంతా నవ్వింది. నేనూ నవ్వాను. కుండల్లో వందమందిని పుట్టించే శాస్త్రం ఉన్నవాళ్లకు పెంట ఎత్తేవాడి చేతికి ఒక పొడుగు కట్టె ఇచ్చే శాస్త్రం లేకపోయిందా అని కూడా అన్నాను. ఇప్పుడనిపిస్తోంది, ఆ నవ్వుకు మాకు ఖర్చేమీ కాలేదు. పురాణాల్లోనే అన్నీ ఉన్నాయనే సారు ఇంటి ట్యాంకూ, ఆయన్ని చూసి నవ్వే సారు ఇంటి ట్యాంకూ ఒకే వాడ మనిషి ఎత్తుతున్నాడు. హేతువాద మిత్రులారా, దేవుడున్నాడా లేడా అన్నది మీరూ మీరూ తేల్చుకోండి. మీ శాస్త్రీయ దృక్పథానికి నా పరీక్ష ఒక్కటే. మీ గుంతలోకి ఎవరు దిగుతున్నారు?

ఇంకో రకం సార్లుంటారు. టెక్నాలజీ వస్తే కులం దానంతటదే పోతుందంటారు. వాళ్లను కుప్పం సరిహద్దు దాటి కోలారు బంగారు గనుల దాకా పోయి రమ్మంటాను. మన చిత్తూరు, ఉత్తర ఆర్కాటు వాడల జనం పొట్ట చేతబట్టుకుని పోయి పనిచేసిన చోటు అది. ఆ గనులకు 1902లోనే శివసముద్రం నుంచి కరెంటు వచ్చింది. భూమిలోకి 3 కిలోమీటర్ల లోతుకు దిగే ఏర్పాట్లు వచ్చాయి. అక్కడే కార్మికుల కాలనీల్లో మనిషి చేత్తో ఎత్తాల్సిన పొడి మరుగుదొడ్లు 1990ల దాకా నడిచాయి. ఆ పని చేసే కుటుంబంలో పుట్టినవారే బెజవాడ విల్సన్. దాని మీద పోరాడి 2016లో మెగసెసే అవార్డు అందుకున్నారు. బంగారం పైకి తేవడానికి 1902లో కరెంటు, మలం ఎత్తడానికి 90 ఏళ్ల తర్వాత కూడా రేకూ గంపా.

టెక్నాలజీకి కాళ్లు లేవు సార్. పంపినచోటికే పోతుంది. పెళ్లి సంబంధాల యాప్‌లో కులం, ఉపకులం, గోత్రం వడగట్టే బటన్ మన అరచేతిలోకి వచ్చేసింది, ఎందుకంటే కావాలనుకున్నారు. అమరావతికి క్వాంటం వ్యాలీ వస్తుందంటున్నారు, రానీండి. సన్న సందుల్లోకి పోయే చిన్న జెట్టింగ్ బండ్లను హైదరాబాద్ జలమండలి 2017లోనే దింపింది. ప్రతి మున్సిపాలిటీలో, ప్రతి వార్డుకూ అవి ఎప్పుడు? ఈ ప్రశ్న ఏ పార్టీ మీటింగులో అడిగినా నవ్వుతారు. నవ్వనీండి.

చట్టం లేదా అంటే ఉంది. చేత్తో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం, రక్షణ పరికరాలు లేకుండా మనిషిని ట్యాంకులోకి దింపడాన్నీ నేరం చేసింది. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు. అది అమల్లోకి వచ్చింది 2013 డిసెంబర్ 6న, బాబాసాహెబ్ వర్ధంతి నాడు. చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. 2023 అక్టోబర్ 20న దాన్ని 30 లక్షలు చేసింది. అప్పటికి చంద్రయాన్ చంద్రుడి మీద దిగి రెండు నెలలు కూడా కాలేదు. చావు ధర పెంచగలిగాం, చావు ఆపలేకపోయాం. మీ వీధిలో "దింపు" అన్న ఇంటాయన ఒక్కడైనా జైలుకు పోవడం చూశారా?

నేను రాకెట్టుకు వ్యతిరేకిని కాను. శ్రీహరికోట ఇప్పుడు మన తిరుపతి జిల్లాలోనే ఉంది. ఆ దీవిలో బతికిన యానాదులను కదిలించి కట్టిన కేంద్రం అది, ఆ సంగతి మరో వారం. కానీ ఆగస్టు 23న ల్యాండర్ దిగినప్పుడు మా విద్యార్థులతో కలిసి నేనూ చప్పట్లు కొట్టాను. చంద్రుడి మీద మనిషి లేకుండా యంత్రాన్ని దింపగలిగినవాళ్లకు పదడుగుల గుంతలోకి దింపడం చేతకాదంటే నేను నమ్మను. అంతే నా వాదన.

సీనియర్ సార్‌కు జవాబు బాకీ ఉంది.

జాషువా 1941లో గబ్బిలంతో ఎందుకు కబురు పంపాడు? మనిషికి లేని గుడి ప్రవేశం గబ్బిలానికి ఉంది కాబట్టి. ఇప్పుడు పైపుకు లేని ప్రవేశం మనిషికి ఉంది. ఇది నా సబ్జెక్టు కాదంటే, నా పీహెచ్‌డీ ఏ సబ్జెక్టులో సార్?

ఇంకొకటి. ఇటలీలో రమజీని అనే వైద్యశాస్త్ర ప్రొఫెసర్ ఉండేవాడు. తన ఇంటి మలగుంత ఎత్తుతున్న మనిషి ఎందుకంత తొందరపడుతున్నాడో అని ఆగి అడిగాడు. నాలుగు గంటలకు మించి ఇందులో ఉంటే కళ్లు పోతాయని ఆ మనిషి చెప్పాడు. ప్రొఫెసర్ ఆ మాటను పట్టుకుని పోయి, పనులవల్ల వచ్చే జబ్బుల మీద 1700లో పుస్తకం వేశాడు. ఒక శాస్త్రమే అక్కడ మొదలైంది. సైన్సు అంటే నాకు తెలిసింది ఇదే. గుంత దగ్గర నిలబడి అడగడం, చెప్పింది వినడం.

మీ ఇంటి ట్యాంకు నిండినప్పుడు బండి డ్రైవర్‌కు ముందే చెప్పండి, మనిషి దిగకూడదని. రెండో ట్రిప్పు డబ్బు పక్కన పెట్టుకోండి. పక్కింట్లో దింపుతుంటే నాలాగా గొంతు వెతుక్కోకండి.

ఆ రోజు నేను 2 వేలు ఇచ్చాను. ఆయన నా ఊరు అడిగాడు, నా వాడ అడిగాడు. నేను ఆయన పేరు అడగలేదు.

జై భీమ్.