పిల్లికి మడి కట్టకండి

నేను వీగన్‌ని. ఆరేళ్ళుగా పాలు, పెరుగు, నెయ్యి ముట్టలేదు. మా ఇంట్లో పిల్లి మాత్రం మాంసం తింటుంది. ఈ రెండు ముక్కలూ పక్కపక్కన చెప్పగానే రెండు వైపుల నుంచీ పడతాయి నాకు. చికెన్ బిర్యానీ తినే స్నేహితులు "నీ అహింస పిల్లి దగ్గర ఆగిపోయిందేం?" అని నవ్వుతారు. వాళ్ళకి జవాబు చెప్పక్కర్లేదు, వాళ్ళకి కావాల్సింది నవ్వు. తోటి వీగన్లు నవ్వరు. "పిల్లులకి కూడా వీగన్ ఫుడ్ తయారుచేస్తున్నారు కదా, ఎందుకు మార్చవు?" అని నెమ్మదిగా అడుగుతారు. వీళ్ళకి చెప్పాలి. ఎందుకంటే అది నిజమైన ప్రశ్న.

ఎంత నిజమో ముందు ఒప్పుకుందాం. ఇంట్లో పెరిగే పిల్లి పన్నెండు, పదిహేనేళ్ళు బతుకుతుంది. అన్నేళ్ళూ రోజుకి రెండు పూటలు మాంసం. ఆ మాంసం ఆరు వారాలు నిండీ నిండకుండానే కోతకి వెళ్ళే బ్రాయిలర్ కోడిది. కోడికీ నొప్పి తెలుసు, భయం తెలుసు. నాకు పిల్లి ముద్దొస్తే కోడెందుకు చావాలి? పైగా లెక్క చిన్నదేమీ కాదు. అమెరికాలో పశువుల పెంపకం వల్ల నేలకీ నీటికీ జరిగే నష్టంలో దాదాపు పాతిక శాతం, ఇంకా పైన, కుక్కలూ పిల్లుల తిండి వల్లేనని 2017లో గ్రెగరీ ఓకిన్ అనే శాస్త్రవేత్త అంచనా కట్టాడు.

దీనికి చాలామంది "అది ప్రకృతి ధర్మం" అని తేల్చేస్తారు. నేను ఆ మాట వాడను. ఆపరేషన్ చేయించిన పిల్లి నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో, మట్టి వాసన తెలియకుండా, ప్లాస్టిక్ ట్రేలో విసర్జిస్తూ, పౌచ్‌లోంచి పిండిన గ్రేవీ తింటోంది. ఇందులో ప్రకృతి ఎక్కడుంది? ఆ పౌచ్‌లో కలిపే టారిన్ కూడా చాలావరకు ఫ్యాక్టరీలో చేసిందే.

నా వాదన ప్రకృతి గురించి కాదు, పిల్లి ఒంటి గురించి. కుక్క మనతో పాటు వేల ఏళ్ళు అన్నం తిని పిండిపదార్థం అరిగించుకోవడం నేర్చుకుంది. పిల్లి నేర్చుకోలేదు. క్యారెట్‌లోని బీటా కెరోటిన్‌ని మన ఒళ్ళు విటమిన్ ఎ గా మార్చుకుంటుంది, పిల్లి ఒళ్ళు మార్చుకోలేదు. ఆర్జినిన్ అనే అమినో ఆమ్లం ఒక్క పూట తిండిలో పూర్తిగా లేకపోయినా గంటల్లో దాని రక్తంలో అమ్మోనియా పెరిగిపోతుంది. తీపి రుచి తెలిసే జన్యువే దానికి పనిచేయదు. మొక్కల తిండితో మూత్రం క్షారగుణానికి మారితే స్ఫటికాలు కడతాయి. మగపిల్లికి దారి మూసుకుపోతే రెండు మూడు రోజుల్లో ప్రాణం పోవచ్చు.

వీటన్నిటికంటే నన్ను ఆపింది టారిన్ కథ. 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్‌లో పాల్ పియాన్ బృందం గుండె కండరం సాగిపోయి బలహీనపడ్డ పిల్లుల్ని పరీక్షించి, వాటి ఒంట్లో టారిన్ తక్కువైందని కనిపెట్టింది. టారిన్ ఇస్తే కోలుకున్నాయి. విషయం ఏమిటంటే అవి తిన్నది వీగన్ ఫుడ్ కాదు. పేరున్న కంపెనీలు, మాంసం చేపలు కలిపి, అన్నీ సరిపోయాయనుకుని అమ్మిన తిండి. తర్వాతే పరిశ్రమ అంతా టారిన్ పెంచింది. మాంసం వేసి చేసినవాళ్ళే అలా తప్పితే, మాంసం తీసేసి అన్నీ బయటినుంచి కలిపేవాళ్ళు ఎంత జాగ్రత్తగా ఉండాలి? వాళ్ళు తప్పితే ఫ్యాక్టరీకి పోయేదేమీ లేదు. గుండె పిల్లిది.

ఇక్కడ వీగన్ మిత్రులు 2023లో ప్లాస్ వన్ పత్రికలో వచ్చిన పరిశోధన చూపిస్తారు. ఆండ్రూ నైట్, అతని సహచరులు 1,369 మంది పిల్లుల యజమానుల్ని అడిగారు. వాళ్ళలో 127 మంది తమ పిల్లికి వీగన్ తిండి పెడుతున్నారు. ఆ పిల్లులు మిగతావాటికంటే అనారోగ్యంగా ఏమీ లేవని తేలింది. శాకాహారాన్ని ప్రోత్సహించే ప్రోవెజ్ సంస్థ దీనికి డబ్బిచ్చింది, పేపర్లోనే ఆ మాట ఉంది. మాంసం కంపెనీల డబ్బుతో వచ్చే పరిశోధనలూ ఉంటాయి కాబట్టి నేను దాన్ని పట్టుకోను. నా ఇబ్బంది వేరు. ఆ పరిశోధనలో పిల్లి రక్తం ఎవరూ తీయలేదు. గుండెకి స్కాన్ చేయలేదు. పిల్లి బాగుందా అని యజమానిని అడిగారు.

యజమాని మాటని సాక్ష్యంగా తీసుకుంటే ఏమవుతుందో మనకి ఎప్పట్నుంచో తెలుసు. ఎలుకల బాధ తగ్గడానికి రాయలవారు తలా ఒక పిల్లినీ, దానికి పాలకోసం ఒక ఆవునీ ఇస్తే, తెనాలి రామకృష్ణుడు పిల్లి ముందు సలసల కాగే పాలు పెట్టాడట. మూతి కాలిన పిల్లి మళ్ళీ పాల గిన్నె చూస్తే ఒట్టు. "మా పిల్లి పాలు తాగదు ప్రభూ!" సభలో గిన్నె పెట్టి చూపించాడు కూడా. పిల్లి పారిపోయింది. చెప్పింది అబద్ధం కాదు, చూపించిందీ అబద్ధం కాదు. అయినా ఆ పిల్లి బక్కచిక్కిపోయింది. "మా పిల్లి వీగన్ ఫుడ్ ఇష్టంగా తింటుందండీ" అన్న మాట విన్నప్పుడల్లా నాకు ఆ గిన్నె గుర్తొస్తుంది. ఆకలేస్తే ఉన్నది తింటుంది. జబ్బు చేస్తే దాచుకుంటుంది. గుండె బలహీనపడుతున్న సంగతి సోఫా మీద పడుకున్న పిల్లిని చూసి మీరూ నేనూ కనిపెట్టలేం.

రక్తపరీక్షలు, స్కాన్లతో ఏళ్ళ తరబడి గమనించిన ఫలితాలు వచ్చేదాకా, ఇంట్లో వీగన్ తిండి పెట్టే ప్రతి ఒక్కరూ ఒక ప్రయోగం చేస్తున్నట్టే. జంతువుల మీద ప్రయోగాలు వద్దనే ఉద్యమం మనది. లిప్‌స్టిక్ కోసం కుందేలు కళ్ళలో మందు పోయకూడదన్నవాళ్ళం, మన మనశ్శాంతి కోసం పిల్లి మీద ప్రయోగం చేయొచ్చా?

ఇప్పటిదాకా విదేశీ ప్యాకెట్ల గోల. మన ఊళ్ళలో అసలు కథ పెరుగన్నం. హైదరాబాద్‌లో "ఓన్లీ వెజ్" అని టులెట్ బోర్డు పెట్టే ఇళ్ళలో పిల్లికి రెండు పూటలా పాలన్నం, పెరుగన్నం. "మా పిల్లి ప్యూర్ వెజిటేరియన్ అండీ, గుడ్డు కూడా ముట్టదు!" ఆ గొంతులో గర్వం వినండి. 2014 నాటి శాంపిల్ రిజిస్ట్రేషన్ సర్వే ప్రకారం తెలంగాణలో పదిహేనేళ్ళు దాటినవాళ్ళలో 98 శాతానికి పైగా మాంసాహారులే. అయినా గొప్పతనం మాత్రం మిగతా రెండు శాతానిదే. ఆ గొప్పతనాన్ని ఇప్పుడు పిల్లికి కూడా తొడుగుతున్నారు. పెద్దయిన పిల్లుల్లో చాలావాటికి పాలు సరిగ్గా అరగవు. 1975లో టారిన్ లేక రెటీనా చెడిపోయిన పిల్లుల గురించి సైన్స్ పత్రికలో వచ్చినప్పుడు, వాటికి పెట్టిన ప్రోటీన్ ఏమిటో తెలుసా? పాలలో ఉండే కేసిన్.

మహాబలిపురంలో ఏడో శతాబ్దపు శిల్పం ఒకటుంది. ముందుకాళ్ళు పైకెత్తి తపస్సు చేసే పిల్లి, చుట్టూ నమ్మేసిన ఎలుకలు. ఆ పిల్లి దొంగ. మన ఇళ్ళలో తపస్సు చేస్తున్న పిల్లులు దొంగలు కావు. వాటిని ఒంటికాలి మీద నిలబెట్టింది మనం.

వీగన్లకి ఈ పోలిక కోపం తెప్పిస్తుందని తెలుసు. మడికీ మనకీ ఏం సంబంధం, మనది జంతువుల బాధ గురించి కదా అంటారు. నిజమే, ఉండాల్సింది అలాగే. కానీ నా ఫ్రిజ్‌లో మాంసం ఉండకూడదు, నా చేతికి నీచు వాసన అంటకూడదు అన్నది మొదటి లెక్క అయినప్పుడు, పేరు ఏదైనా అది మడే. 1944లో ఇంగ్లండ్‌లో వీగన్ సొసైటీ పెట్టినవాళ్ళ వారసులు తమ నిర్వచనంలో "సాధ్యమైనంతవరకు, ఆచరణలో కుదిరినంతవరకు" అనే అర్థం వచ్చే మాట చేర్చారు. దాన్ని తప్పించుకునే సందు అనుకుంటాం. మన శీలం కాపాడుకోవడానికి ఇంకో ప్రాణిని తాకట్టు పెట్టకుండా ఆపేది ఆ మాటే.

మరేం చేయాలి? పిల్లిని కొనకండి. దుకాణంలో పర్షియన్ పిల్లిని కొంటే కొత్త నోరు పుట్టించమని ఆర్డర్ ఇచ్చినట్టే. వీధిలో ఉన్నదాన్ని తెచ్చుకోండి, ఆపరేషన్ చేయించండి. ఒక్క ఆపరేషన్ ఎన్ని కోళ్ళని మిగులుస్తుందో ఏ వీగన్ ప్యాకెట్టూ మిగల్చదు. మనుషులు వదిలేసే కందనకాయలు, చేపల తలలు కూడా తిండే, అయితే అవొక్కటే చాలవు. పోషకాలన్నీ ఉన్న క్యాట్ ఫుడ్ ఉండాలి, డాక్టరుని అడగాలి. ఇంట్లోకి మాంసం రావడం మీ మనసు ఒప్పుకోకపోతే, అది గౌరవించాల్సిన మనసే, పిల్లిని పెంచకండి. గడ్డి తినే కుందేలు ఉంది. 2024లో బ్రిటన్ ప్రయోగశాలలో కణాలనుంచి పెంచిన కోడిమాంసాన్ని పెంపుడు జంతువుల తిండిలో వాడటానికి అనుమతించింది. నేను దానికోసం ఎదురుచూస్తున్నాను. మార్చాల్సింది మాంసాన్ని, పిల్లిని కాదు.

అప్పటిదాకా కోడి ప్రశ్న అలాగే ఉంటుంది. దానికి నా దగ్గర చేతులు కడిగేసుకునే జవాబు లేదు, ఉందని చెప్పేవాళ్ళని నమ్మను. ఆ అప్పు పిల్లిని తెచ్చుకున్న మనిషిది. దాన్ని పిల్లి గుండెలోంచి వసూలు చేయడం అహింస కాదు.