అమెరికా యాత్రాసన్నాహము

వేసవి సమీపించుచున్నదనగా మన పట్టణములలోనే గాక పల్లెలలోను అమెరికా ప్రయాణపు మాటలు వినవచ్చుచున్నవి. బిడ్డలను జూచుటకు బోవువారు కొందఱు, వేడుకకై పోవువారు కొందఱు. పోవలదని మేమనము. కాని మనవారు వ్రాసికొనుచున్న ప్రయాణపు పట్టికలు మాకు విచారమును గలిగించుచున్నవి. పదునైదు దినములలో న్యూయార్కు, నయాగరా, షికాగో, గ్రాండు కెన్యను, లాస్ ఏంజెలీసు! కాశికి బోయి నెలదినములు నిలిచిన పెద్దల సంతతికి ఇంత తొందర యేల?

ఆ దేశపు వైశాల్యమును ముందుగా గ్రహింపవలెను. న్యూయార్కున మధ్యాహ్నము పండ్రెండైనప్పుడు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉదయము తొమ్మిదే. షికాగోనుండి శాన్‌ఫ్రాన్సిస్కో చెంతనున్న ఎమరీవిల్‌కు బోవు రైలు 3,900 కిలోమీటర్లకు పైగా నడచి, రెండు రాత్రులు గడచినగాని గమ్యము చేరదు. ఇట్టి దేశమును పక్షము దినములలో చుట్టివచ్చువాడు చూచునది విమానాశ్రయములనే.

కావున ఒక్క రాష్ట్రమును ఎన్నుకొనుట మేలు. మమ్మడిగినచో కాలిఫోర్నియా యందుము. యోసెమిటి లోయయు, వేలయేండ్ల సెకోయా వృక్షములును అచ్చటనే కలవు. డెత్ వ్యాలీని మాత్రము వేసవిలో తలపెట్టరాదు. 1913 జూలైలో 56.7 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమి నమోదైన చోటది. రెంటచింతల యెండ నెఱిగినవారికిని అది దుర్భరము.

ఆ 1913వ సంవత్సరముననే నవంబరు 1వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కోనుండి గదర్ పత్రిక వెలువడెను. పంజాబు రైతులు, కూలీలు, విద్యార్థులు తమ కష్టార్జితముతో దానిని నడపిరి. చదువుకై 1912లో అచ్చటికేగిన మన దర్శి చెంచయ్య ఆ పక్షమున జేరి, పిమ్మట చెఱసాలల పాలయ్యెను. ఆ రాష్ట్రమే 1913లో మఱియొక శాసనమును జేసెను: పౌరసత్వమున కర్హత లేని విదేశీయులు సాగుభూమిని కొనరాదట. 1923లో భగత్‌సింగ్ థిండ్ వ్యాజ్యమున అమెరికా సుప్రీంకోర్టు భారతీయుల కా యర్హత లేదని తీర్పుచెప్పగా, ఆ శాసనము మనవారిపై బడెను. ఎడారివంటి నేలను పండించినవాని పేర ఎకరమైన నుండరాదు! భూమి విలువ నెఱిగిన మా పాఠకులకు ఈ బాధను వివరింపనక్కఱలేదు. 1946లోగాని మనవారికి పౌరసత్వపు ద్వారము తెఱవబడలేదు. అదియు, వలస వచ్చువారు ఏటికి నూఱుగురను మితితో.

మనవారి పట్టికలలో డిస్నీలాండు తప్పక యుండును; ఈ చరిత్రకు ఒక్క పూటయైన నుండదు. వుడ్ వీధి 5వ నంబరున గదర్ స్మారకభవనము కలదు. అది భారత కాన్సులేటు అధీనముననున్నది గనుక, తెఱచియుండు వేళను ముందుగా విచారించి పోవలెను.

కాగితముల విషయమున రెండు మాటలు. వీసా గడువు వేఱు, ఉండదగిన గడువు వేఱు. రెండవదానిని విమానము దిగినచోట అధికారి నిర్ణయించును. వృద్ధులు వైద్యపు బీమా లేక కదలరాదు. అచ్చటి ఆసుపత్రి ఖర్చు పొలమమ్మించును.

దినములు మిగిలినచో స్టాక్టన్‌కు బోవుడు. శాన్‌ఫ్రాన్సిస్కోనుండి కారులో రెండుగంటల దారి. ఆ రైతులే 1912లో స్థాపించిన గురుద్వారము అచ్చట నేటికిని నిలిచియున్నది.