జూదరికి చికిత్స యెచ్చట?

2025 ఆగస్టు 22వ తేదీన రాష్ట్రపతి యామోదము పొందిన కేంద్రశాసనము, ధనమొడ్డి సెల్‌ఫోనులలో నాడు ఆటలను దేశమంతటను నిషేధించినది. తెలంగాణ ప్రభుత్వ మీ పని 2017లోనే చేసినది. రెంటిని మేము స్వాగతించుచున్నాము. కాని అంగడి మూసినంతమాత్రమున ఆకలి చావదు. రేగోడు వంటి మండల కేంద్రమునందలి జూదరి, ఫోను విడిచి పేకముక్కలు పట్టినచో నాతని నెవరు చూతురు?

ధర్మరాజు ధర్మ మెఱుగనివాడు కాడు, ఎఱిగియు నిలువలేకపోయెను. నేటి వైద్యులు చెప్పునదియు నదియే. అమెరికా మానసిక వైద్యుల సంఘము 2013లో జూదమును మద్యాది వ్యసనముల సరసన జేర్చినది. ప్రపంచ ఆరోగ్య సంస్థయు దీనిని వ్యాధిగా పరిగణించుచున్నది. రమ్మీ నేర్పుతో గూడిన యాట యని 1967లో మన రాష్ట్రపు వ్యాజ్యమందే సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. వ్యసనమునకు నేర్పుతో నిమిత్తము లేదు.

దీనికే ప్రత్యేకించిన మందు లేదు. నాల్ట్రెక్సోను వంటివి కొందఱికి తోడ్పడుచున్నవి. ముఖ్యమైనది సంభాషణతో సాగు చికిత్స. పోయిన సొమ్ము రేపు రాబట్టెద నను భ్రమయే జూదరిని ముంచును. ఆ భ్రమను వారము వారము విప్పి చూపి, కోరిక పుట్టు వేళలను గుర్తింపజేసి, ఆ వేళకు వేఱు వ్యాపకము కల్పింతురు. దిగులు, మద్యము తఱచు తోడై యుండును. ఆత్మహత్యాప్రమాదమును గలదు గనుక వానినిగూడ విచారింపవలెను. 1957లో లాస్ ఏంజెలెస్ నగరమున జూదరులే పరస్పర సహాయమునకై సంఘము గట్టుకొనిరి. అదియు నొక మార్గము.

ఇచట గృహస్థులకొక మాట. కొడుకు చేసిన యప్పు గుట్టుగా దీర్చుటకై ఎకర మమ్ము తండ్రి, వాత్సల్యముచేతనే యైనను, మఱియొక పందెమునకు త్రోవ చేయుచున్నాడు. అప్పుల పట్టిక యంతయు వెలికిదీయించి, బ్యాంకు ఖాతాను, పట్టాదారు పాసుపుస్తకమును కొంతకాల మింటివారు తమ చేతనుంచుకొనుట మేలు. పరువు పోవునని దాచినకొలది అప్పు పెరుగును.

ప్రభుత్వముల తీరును విచిత్రమే. కేంద్రశాసనము ఆటగానిని దండింపదు. 1974 నాటి తెలంగాణ జూదశాసనము జూదగృహమున దొరికినవానిని దండించును. నేరస్థుడ నగుదునని వెఱచువాడు వైద్యుని గడప నెట్లు త్రొక్కును? మానసిక చికిత్స ప్రతివాని హక్కని 2017 శాసనము చెప్పుచున్నది. 2022 నుండి 14416 సంఖ్యకు ఫోను చేసి ఉచితముగా సలహా పొందవచ్చును. అది మంచిదే, కాని ఫోను వలన కలిగిన రోగమునకు ఫోనే యంతిమ వైద్యము కారాదు. ఎఱ్ఱగడ్డ పేరు వినగనే జంకు గ్రామస్థుల కొఱకు, జిల్లా ఆసుపత్రులందు వారమున కొకదినమైనను జూదవ్యసన చికిత్సకే కేటాయింపవలెనని ప్రభుత్వమును కోరుచున్నాము.